శ్రుతి ఎవరు చెడగొట్టారు

పాల కేంద్రంలో అందరూ క్యాను అప్పజెప్పి అరుగు మీద కూర్చుంటారు. కృపామణి మాత్రం వెన్న కొలిచే మిషను పక్కనే నిలబడుతుంది. అంకె పడేదాకా కదలదు. పడ్డాక కూడా ఒకసారి మిషను వెనక్కి తొంగి చూస్తుంది. అక్కడ పనిచేసే అతను "ఏమక్కా, ఇంగా నమ్మకం కుదర్లేదా" అని అడిగితే నవ్వదు. "నమ్మేవాళ్ళు సానామంది ఉండారు. నేనొకదాన్ని సూస్తే నీకేమి" అంటుంది.

వడమాలపేటలో ఆమెకు మూడు జెర్సీ ఆవులున్నాయి. భర్త ఏకాంబరం గూడూరు నుంచి మద్రాసుకు నిమ్మకాయల లోడు తోలే డ్రైవరు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. కూతురు కోమలి తిరుపతిలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. కాబట్టి పిండేది, మేత వేసేది, పాలు మోసేది అంతా కృపామణే. ఆమె చేతుల బలం ఊళ్ళో అందరికీ తెలుసు. బిగుసుకుపోయిన సీసా మూతలు తీయించుకోవడానికి పక్కింటివాళ్ళు ఆమె దగ్గరికే వస్తారు.

అనుమానం ఆమెకు ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. పెళ్ళైన కొత్తలో ఒక ఆవు మేతకు పోయి తిరిగి రాలేదు. పక్కవీధి వాళ్ళే తోలుకుపోయారని ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పింది. సాయంత్రానికి ఆవు దానంతటదే వచ్చింది. వాళ్ళు భయపడి వదిలేశారని కృపామణి ఇప్పటికీ అంటుంది.

గిటార్ ఆమెకు చర్చిలో దొరికింది. ఎప్పుడో క్రిస్మస్ పాటలు పాడడానికి బయటి ఊరినుంచి వచ్చినవాళ్ళు దాన్ని వదిలేసి పోయారు. చాలాకాలం బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. ఒకరోజు చర్చి ఊడుస్తూ కృపామణి దాన్ని దించింది. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. పాస్టరు జయరావు అయ్యగారిని అడిగి ఇంటికి తీసుకుపోయింది. ఫోన్లో వీడియోలు చూసి, వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూసి నేర్చుకుంది. వేలికొసలు పగిలినా వదల్లేదు. కొన్నేళ్ళకు ఆదివారం ఆరాధనలో డోలక్ పక్కన ఆమె గిటార్ లేకపోతే పాట లేచేది కాదు. అదే ఆమె కుర్చీ, కిటికీ పక్కన. ఇంకెవరూ అందులో కూర్చోరు.

కీబోర్డు వచ్చాకే గొడవ మొదలైంది.

దయానంద్, జయరావు అయ్యగారి భార్య తరఫు బంధువు. పుత్తూరులో మొబైల్ షాపులో పని దొరికి గూడూరు నుంచి వచ్చాడు. సొంత కీబోర్డు ఉంది, చక్కగా వాయిస్తాడు. మొదటి ఆదివారం అందరికీ నచ్చింది. రెండు మూడు వారాలు గడిచాయో లేదో, ముందు నిలబడి పాడే హేమశ్రీ, అయ్యగారి కూతురు, ఆరాధన అయ్యాక కృపామణి దగ్గరికి వచ్చింది.

"అక్కా, గిటార్ రవంత తేడాగా ఇనిపిస్తా ఉండాది. శ్రుతి సూసుకుంటారా?"

కృపామణిని ఇన్నేళ్ళూ ఎవరూ అనని మాట. ఆమె శ్రుతి చూసుకోకుండా ఎప్పుడూ రాదు. ఫోన్లో శ్రుతి చూసే యాప్ ఉంది. ఒక్కొక్క తీగ మీటితే ముల్లు కదిలి మధ్యలో నిలవాలి. అన్నీ నిలిచాకే ఇల్లు దాటుతుంది. ఇంట్లో సరిగ్గా ఉన్నది చర్చిలో తప్పు పడుతోందంటే మధ్యలో ఎవరో చెయ్యి పెడుతున్నారు.

ఆ తర్వాతి ఆదివారం ముందుగానే వెళ్ళింది. శ్రుతి చూసుకుని, తీగలు బిగించే బిరడాల మధ్య సన్నని నల్లదారం పోగు కట్టింది. ఎవరు తిప్పినా తెగిపోతుంది. గిటార్ కుర్చీలో పెట్టి, బయట చెప్పుల దగ్గర నిలబడి లోపలికి వచ్చేవాళ్ళందరినీ చూసింది. ఆరాధన మొదలయ్యేసరికి దారం అలాగే ఉంది. పాట మాత్రం అలాగే చెడింది. హేమశ్రీ పాడుతూనే తల తిప్పి గిటార్ వైపు చూసింది.

గిటార్‌కే ఏదో అయిందేమోనని ఆమె బస్సెక్కి తిరుపతి పోయింది. గిటార్లు బాగుచేసే గిరిప్రసాద్ షాపులో కూర్చోమంటే కూర్చోలేదు. అతను తీగలు వదులు చేసి బిగిస్తున్నంతసేపూ బల్ల పక్కనే నిలబడింది.

"దీనికేమీ లేదమ్మా. బాగుండాది" అన్నాడతను.

"మరి శ్రుతి పోతా ఉండాదే?"

"నేను మీటితే పోలేదు కదమ్మా."

ఆ మాట ఆమెకు నచ్చలేదు. పోయినసారి తీగలు తనే అమ్మాడు కాబట్టి అలా అంటున్నాడనుకుంది. తిరుగు బస్సులో గిటార్ సంచి విప్పి బిరడాలు తనవేనా, మార్చాడా అని ఒక్కొక్కటీ చూసుకుంది. తనవే.

ఇక మిగిలింది దయానంద్. ఆ ఆదివారం ఆమె పాట మీద కన్నా అతని మీదే కన్ను పెట్టింది. మొదటి చరణం కాగానే అతను ఎడమ చేత్తో కీబోర్డు మీద ఏదో నొక్కాడు. చిన్న తెరమీద అంకె మారింది. మరో పాటలోనూ అంతే. ఆమెకు చాలు. ఆరాధన అయ్యి, ఆడవాళ్ళు చాపలు చుడుతుండగా అతని దగ్గరికి వెళ్ళింది.

"దయా, పాట మధ్యలో ఎడమ చేత్తో నొక్కేది ఏంది?"

అతను తలెత్తాడు. "అది సెట్టింగక్కా."

"ఏం సెట్టింగు?"

"శ్రుతి రవంత పైకీ కిందికీ జరిపేది."

"ఎందుకు జరుపుతా ఉండావు?"

దయానంద్ తలతిప్పి అయ్యగారి వైపు చూశాడు. ఆ చూపుతో ఆమెకు మొత్తం అర్థమైపోయినట్టనిపించింది.

"నేను ఫోన్లో సూసుకోని వస్తా ఉండాను. నువ్వు జరిపితే నాది తప్పు పడతా ఉండాది. నన్ను ఆ కుర్చీలోనుంచి లేపల్లని కదా. మీ బంధువుల ఏర్పాటు నాకు తెలీదనుకుంటిరా?"

చాపలు చుడుతున్న చేతులు ఆగిపోయాయి. జయరావు అయ్యగారు మెల్లగా అన్నారు, "కృపామణమ్మా, దేవుని మందిరంలో ఆ మాట వద్దు."

దయానంద్ వైరు చుట్టుకున్నాడు. కీబోర్డు సంచిలో పెట్టి జిప్పు లాగాడు. "ఇంగ నేను రాన్లే అక్కా" అని, దాన్ని బండి వెనక కట్టుకుని పుత్తూరు రోడ్డు పట్టాడు.

ఆ తర్వాత వారం పాత పద్ధతిలోనే డోలక్, గిటార్ మాత్రమే. గెలిచానని కృపామణి అనుకుంది కానీ ఎవరూ ఆమెతో ఎక్కువ మాట్లాడలేదు. హేమశ్రీ అవసరమైనంతే మాట్లాడింది. తను అబద్ధం చెప్పలేదని వీళ్ళకు తెలియాలి. కీబోర్డు లేకుండా తన గిటార్ ఎంత సరిగ్గా పలుకుతుందో రికార్డు చేసి అయ్యగారికి వినిపిస్తే సరి.

మధ్యాహ్నం ఆవులు కొట్టంలో పడుకుని నెమరు వేస్తున్నాయి. తవుడు తొట్టికి ఫోను ఆనించి పాట మొత్తం వాయించింది. తర్వాత విన్నది.

శ్రుతి లేదు.

మళ్ళీ విన్నది. కొన్ని స్వరాలు సరిగ్గా ఉన్నాయి, కొన్ని ఎక్కడికో పైకి లాగినట్టున్నాయి. తీగను వేలు పెట్టకుండా వట్టిగా మీటిన చోట ఏ తప్పూ లేదు. వేళ్ళు పడిన చోటే చెడుతోంది. ఫోను ఒకసారి కుడితి తొట్టిలో పడింది, దానివల్లే అనుకుంది. ఆ రాత్రి భోజనాలప్పుడు వచ్చిన ఏకాంబరం ఫోను తీసుకుని అతని ముందే వాయించి రికార్డు చేసింది. అదీ అలాగే ఉంది.

"నీ ఫోనూ చెడిపోయినట్టుండాది" అంది.

ఏకాంబరం చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "రెండు ఫోన్లూ కలిసి ఒకే అబద్ధం సెప్తాయా?"

ఆమె మరునాడు పాలు పోసి వచ్చాక యాప్ తెరిచింది. తీగ వట్టిగా మీటింది. ముల్లు మధ్యలో నిలిచింది. గిటార్ కాడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో మూడోదాని దగ్గర ఎప్పటిలా వేలు నొక్కి మీటింది. ముల్లు మధ్య గీత దాటి పైకి పోయింది. వేలు తీయకుండానే పట్టు కొంచెం వదిలింది. ముల్లు కిందికి దిగింది. ఇంకా వదిలింది. మధ్యకు వచ్చింది. ఇంకా వదిలితే తీగ జరజరమంది. ఆ జరజర ఆగే చోటే ముల్లు నిలుస్తోంది. అక్కడ వేలికి దాదాపు బరువే లేదు.

ఆవు పొదుగు పట్టుకున్న చేతితోనే ఆమె ఇన్నేళ్ళూ గిటార్ పట్టుకుంది. తీగను మెట్టు మీదికి ఆనించడం కాదు, అణచేసింది. బొటనవేలు వెనకనుంచి కాడను పిండుతోంది. డోలక్ తప్ప ఇంకేమీ లేనప్పుడు పాడేవాళ్ళు తన గిటార్ వెంటే పోయారు, కాబట్టి తేడా తెలియలేదు. పక్కన కీబోర్డు కచ్చితమైన శ్రుతితో వచ్చి నిలబడేసరికి బయటపడింది.

గిటార్‌ను సంచిలో పెట్టేసింది. ఎవరి మీద వేసిన అనుమానమూ ఆమెను ఇంతగా కుంగదీయలేదు.

సరిచేయడం సులువుగా కాలేదు. పాట వేగంలో వాయిస్తే పట్టు దానంతటదే బిగుసుకుంటుంది. అందుకని పాటలు మానేసింది. రెండే కార్డులు, అంటే కొన్ని తీగలు కలిపి ఒకేసారి నొక్కే పట్లు, తీసుకుంది. మొదటిది పట్టి, మీటి, ముల్లు చూసి, చెయ్యి పూర్తిగా వదిలి, రెండోది పట్టేది. బొటనవేలిని కాడ నుంచి ఎత్తేసి, చెయ్యి బరువుతోనే తీగ పలికేదాకా వాయించేది. చెయ్యి బిగిసిందంటే వేగం తగ్గించేది. బిగియకుండా నిలిచాకే కొంచెం పెంచేది. పాలు పిండిన వెంటనే వేళ్ళు కొయ్యలా ఉంటున్నాయని కనిపెట్టి, సాధన మధ్యాహ్నానికి మార్చింది. అలసిన చెయ్యి మళ్ళీ పాత దారే పడుతుంది కాబట్టి కొద్దిసేపు వాయించి ఆపేది, మేత వేసి వచ్చి మళ్ళీ కూర్చునేది.

ప్రతిసారీ రికార్డు చేసేది. ఏకాంబరం "ఇప్పుడు బాగుండాది" అంటే నమ్మలేదు. నిద్రకు వేళైందని అంటున్నాడనుకుంది. తనకు బాగుందనిపించినా నమ్మలేదు. మరుసటి రోజు తేరుకున్న చెవితో విన్నాకే ఒప్పుకునేది, అదీ సగమే. ఆదివారాల్లో తేలికైన కార్డులు మాత్రం మెత్తగా వాయించింది. అయ్యగారు ఎప్పటిలాగే "బాగుండాదమ్మా" అన్నారు. ఈ మాట ఆయన శ్రుతి చెడినప్పుడూ అన్నారని ఆమెకు గుర్తొచ్చింది.

ఒకరోజు పుత్తూరు పోయింది. మొబైల్ షాపులో దయానంద్ ఎవరిదో ఫోనుకు గ్లాసు అతికిస్తున్నాడు. ఆమెను చూసి మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

"ఏమక్కా, ఫోను పని చెయ్యలేదా?"

"ఫోను బాగానే ఉండాది. నా చెయ్యే బాగలేదు." ఆమె ఎడమ చెయ్యి చూపించింది. "తీగ ఎక్కువ నొక్కేసి శ్రుతి లేపేస్తా ఉన్నాను. నీ తప్పు కాదు. అందరి ముందరా అన్నాను, ఈ ఆదివారం అందరి ముందరా సెప్తాను."

దయానంద్ గ్లాసు అతికించడం ముగించి, ఫోను తెచ్చిన మనిషిని పంపేశాడు.

"నాకు వచ్చిన కొత్తల్లోనే తెలిసిందక్కా. మీ చెయ్యి పడితే శ్రుతి పైకి పోతా ఉండింది. అందుకే కీబోర్డు రవంత పైకి జరిపినాను, మీకు దగ్గర పడల్లని. కొన్నిటికి సరిపోయింది, కొన్నిటికి పోలేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. "నా కోసరం జరిపినావా?"

"మరి ఎవురి కోసరం?"

"అయితే నాతో ఒక మాట సెప్పకపోయినావే."

"సెప్పింటే నమ్మింటారా అక్కా?"

అతను టీ తెప్పించాడు. ఇద్దరూ కౌంటరుకు అటూ ఇటూ నిలబడి తాగారు. తిరుపతిలో ఇంకో చర్చికి మాట ఇచ్చానని, ప్రతివారం రాలేనని, నెలకొకసారి చూస్తానని చెప్పాడు.

అన్నట్టే ఆదివారం ఆరాధన ముగిశాక ఆమె లేచి నిలబడి, తప్పు తనదేనని చెప్పింది. ఎక్కువ మాటలు చెప్పలేదు. హేమశ్రీ తల దించుకుని వింది. ఆడవాళ్ళలో ఒకరు "పోనీలే" అన్నారు.

దయానంద్ వచ్చిన నాడు వాన పడుతోంది, జనం తక్కువ. మొదటి పాటలో ఆమె చెయ్యి భయానికి ఒక్కసారి బిగుసుకుంది. చరణం మధ్యలో వాయించడం ఆపి, వదులు చేసుకుని మళ్ళీ అందుకుంది. ఆ తర్వాత గిటార్ ఏదో, కీబోర్డు ఏదో విడదీసి వినలేకపోయింది. అలాంటి శబ్దం తన చేతి కింద పుట్టడం ఆమెకు అదే మొదలు. హేమశ్రీ ఇటు తల తిప్పలేదు, ముందుకే చూస్తూ పాడింది.

పాటలయ్యాక కృపామణి అడిగింది, "ఈ పొద్దు ఏమీ జరపలేదు కదా?"

"లేదక్కా."

ఆమె వెళ్ళి తెరమీద అంకె చూసుకుంది. అతను పక్కకు జరిగి చోటిచ్చాడు, ఏమీ అనుకోలేదు.

ఇప్పటికీ మధ్యాహ్నాలు ఆమె కొట్టంలో సాధన చేస్తూనే ఉంది. దయానంద్ అంటే మంచి పిల్లోడు అని నలుగురిలో చెబుతుంది. కానీ ఆ బటన్ నిజంగా తన కోసమే నొక్కాడా, పాట చెడితే అతనికే చెడ్డపేరు వస్తుందని నొక్కాడా అన్నది మాత్రం ఆమెకు ఇంకా తేలలేదు.