బ్రేకు మీది చెయ్యి

తెల్లారగానే సదాశివ చిలకలగూడలోని తన ఇంట్లో చాప పరిచి, బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకుంటాడు. రైలింజను నడిపి రిటైరైన మనిషి. బీపీ దిగాలంటే ధ్యానం చెయ్యమన్నాడు డాక్టరు. నడుం నిటారుగానే ఉంటుంది, ఊపిరీ నెమ్మదిస్తుంది. అంతలో ఒళ్లోని కుడిచెయ్యి లేచి గాలిలో బ్రేకు పిడిని వెతుకుతుంది. ఇవాళా అంతే.

"మళ్ల ఆమేనా?" అంది భార్య కమలాబాయి.

"సిగ్నల్ పచ్చగనే ఉంటది. గప్పుడే కొంగు సర్దుకుంట పట్టాల మీదికొస్తది. బ్రేకేసిన. గా దినం బండి ఆగలే, ఇప్పుడు సుత ఆగుతలేదు."

కమలాబాయి పక్కన కూర్చుని ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. "జెర కండ్లు మూసుకో. నేనున్న గద."

ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. స్టేషన్ వైపు నుంచి బండి కూత వినబడింది. ఈసారి ముందుగా బిగుసుకున్నవి కమలాబాయి చేతులు.