ఒరలో ఉండిపోయిన కత్తులు

డైమండ్ హిల్ స్టూడియోల్లో ఇరవై ఆరేళ్ళుగా సినిమా కత్తులు చేస్తున్న మోక్‌కి అన్నీ వచ్చు, కాదనడం ఒక్కటే రాదు. కొట్లాటకి చెక్క కత్తులు చేసి వెండి కాగితం చుట్టేవాడు. ఒరలోంచి దూసే కత్తిని మాత్రం అల్యూమినియంతో చేసి, మూడు రోజులు కూర్చుని అద్దంలా తోమేవాడు. తెరమీద అది కనిపించేది రెప్పపాటు.

"నీ కత్తి చూద్దామని ఇన్నేళ్ళుగా సినిమాకెళ్తున్నా. మధ్యలో తుమ్మొచ్చిందా, అంతే సంగతులు," అనేది భార్య కామ్.

ఈసారి దర్శకుడు యిప్ మాటిచ్చాడు. ఆఖరి పోరాటంలో రెండు కత్తులూ ఒరల్లోంచి మెల్లగా లేస్తాయి, ఎండ పడి తెర నిండా మెరుస్తాయి. మోక్ ఆ సంగతి కామ్‌కి చెప్పాడు. కామ్ మెట్లమీద ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పింది.

కథ ఒకే గురువు దగ్గర నేర్చిన ఇద్దరు కత్తివీరుల పగ. ఆ వేషాలు కట్టిన కుంగ్‌కీ షేక్‌కీ నిజంగానే పడదు కాబట్టి నటించాల్సిన శ్రమ తప్పింది. మొదటి వారమే కుంగ్ కాల్చిన బాతు పట్టుకుని మోక్ కొట్టానికొచ్చాడు.

"బాబాయ్, నా కత్తి ఓ అంగుళం పెంచు. ఆ షేక్‌గాడికి చెప్పకేం."

"అలాగే బాబూ."

రెండ్రోజులకి షేక్ గుడ్డు టార్టులనే మిఠాయిల పెట్టెతో దిగాడు. "వాడి కత్తి నాదానికంటే పొడుగ్గా ఉన్నట్టుందేంటి బాబాయ్? నా కళ్ళకేమైనా జబ్బా?"

"నీ కళ్ళు లక్షణంగా ఉన్నాయి బాబూ," అని మోక్ అతని కత్తి అంగుళమున్నర పెంచాడు.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అనలేదు. ఇద్దరూ వంతులేసుకుని బాతులూ టార్టులూ మోస్తూనే ఉన్నారు. నెల తిరిగేసరికి మోక్‌కి బొజ్జ వచ్చింది, కత్తులు నాలుగడుగులు దాటాయి. ఒరల్ని బల్లమీద పడుకోబెట్టి రెండు చేతులా లాగి చూసుకున్నాడు. సుఖంగానే వచ్చాయి. వీరులు వాటిని వీపున కట్టుకుంటారన్న సంగతి మాత్రం ఆ అనుభవశాలికి తట్టలేదు.

పోరాటం రోజు గుట్టమీద ఎండ బాగా కాసింది. యిప్ చెయ్యూపాడు. కుంగ్ భుజంమీదుగా పిడి పట్టి లాగాడు. చెయ్యి అయిపోయింది, కత్తి అవలేదు. అది చూసి షేక్ నవ్వుతూ తనదీ లాగాడు. అదీ అంతే. ఇద్దరూ మోచేతులు ఆకాశంలోకి పెట్టి నిలబడిపోయారు.

"ఏంటి, వీపు దురదా?" అన్నాడు యిప్.

మోక్ పరిగెత్తుకొచ్చాడు. ఒరలు విప్పి మామూలు కత్తులు కట్టిద్దామంటే ఇద్దరిదీ ఒకటే మాట. "ముందు వాణ్ణి విప్పమను బాబాయ్."

అలా బతిమాలుతూండగానే పొద్దు వాలింది. గుట్ట అద్దె సాయంత్రం దాకానే. విసిగిపోయిన యిప్ కెమెరా దగ్గరికి జరిపి వాళ్ళ కళ్ళు తీశాడు, పిడిమీద వేళ్ళు తీశాడు, రాలే ఆకు తీశాడు. చివరికి ఇద్దరినీ చెరోవైపు నడిపించేశాడు.

సినిమా విరగబడి ఆడింది. అసలైన వీరుడికి కత్తి దూసే అవసరమే రాదని దర్శకుడు చాటాడంటూ పత్రికలు రాశాయి. యిప్ కూడా నమ్మాడు. హాల్లో మోక్ పక్కన కూర్చున్న కామ్ మాత్రం తుమ్మొస్తుందేమోనని ముక్కు పట్టుకుని ఆఖరిదాకా చూసింది. దీపాలు వెలిగాయి.

"ఇంతకీ నీ కత్తేదయ్యా?"

మోక్‌కి ఏడుపొచ్చింది. అవతల జనం చప్పట్లు కొడుతున్నారు.

మరుసటి నెల యిప్ కొత్త సినిమాకి పన్నెండు కత్తులు కావాలన్నాడు. "పిడి ఒరకి అంటించేయ్ బాబాయ్, లోపలేం అక్కర్లేదు. నీకు పని తగ్గించా."

"అలాగే బాబూ," అన్నాడు మోక్.

ఆ సాయంత్రం రెండు పొడుగు కత్తులూ ఇంటికి తెచ్చేసుకున్నాడు. బట్టలారేసే వెదురు కర్ర విరిగి వారమైంది కనక, కామ్ పొద్దున్నే ఒక కత్తిని కిటికీలోంచి బయటికి పెట్టి, కొసన అతని చొక్కా తగిలించింది. ఎండ కత్తిమీద పడి ఎదురు మేడ నాలుగంతస్తులూ వెలిగాయి. జనం కళ్ళకి చేతులడ్డం పెట్టుకుని వరండాల్లోకొచ్చారు.

"ఎవరిదయ్యా ఆ కత్తి? కళ్ళు పోతున్నాయి. లోపలికి తియ్యి," అని అరిచింది మూడో అంతస్తు ముసలమ్మ.

మోక్ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"నాది," అన్నాడు. "తియ్యను."