గ్లాసు అడుగున తేరిన పిండి

నా చిన్నప్పుడు మా చెల్లిని డబ్బా తిండి పొట్టన పెట్టుకుందని మా చుట్టాలందరూ చెప్పుకుంటారు. బొంబాయి కామాటిపురలో మావాళ్ల ఏ ఇంట్లో చంటిపిల్లకు అన్నం ముట్టించినా ఈ కథ బయటికి వస్తుంది. మొన్న మా మేనత్త మనవరాలు తన కొడుక్కి ఏదో ప్యాకెట్ కత్తిరించబోతుంటే మేనత్త మళ్లీ అందుకుంది. "మా వదినె గిట్లనే డబ్బాది పెట్టి పోరిని చంపుకున్నది" అని. ఆ అమ్మాయి చేతిలో కత్తెర ఆగిపోయింది. నేను మాత్రం ఆగలేదు. అది అబద్ధమన్నాను. పెద్ద గొడవే అయింది.

డబ్బాల తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సిన అవసరం నాకు లేదు. బొద్దుపిల్లల బొమ్మలు వేసి తల్లులను బెదిరించి అమ్మేవాళ్ల మీద నాకు ప్రేమా లేదు. అలాగని, ఇంట్లో విసిరిన పిండంతా అమృతమని చెప్పేవాళ్ల మాటకు తలూపను. నేను ఆ ఇంట్లోనే పెరిగాను. ఏం జరిగిందో నాకు తెలుసు.

మాది ఫాక్‌లాండ్ రోడ్డుకు దగ్గర గల్లీలో వరసగా ఒంటిగదుల వాటాలున్న ఒక పాత చాల్. మాది ఒకే గది, ఖోలీ అనేవాళ్లం; మూలన గిన్నెలు తోముకునే మోరి, ముందు అందరికీ కలిపి పొడుగాటి గ్యాలరీ. నాయన ఇళ్లు కట్టే ఇమారతు పనులకు వెళ్లేవాడు. అమ్మ తెల్లవారగానే గ్రాంట్ రోడ్ అవతలి ఇళ్లలో గిన్నెలు తోమడానికి వెళ్లేది. పాలమూరు నుంచి వచ్చిన నానమ్మ మాతోనే ఉండేది. వయసులో ఉన్నప్పుడు తట్టలతో సున్నం మోసిన మనిషి ఆమె. ఊరి నుంచి ఆమె తెచ్చుకున్నది ఒక్క ఇసుర్రాయి. దాన్ని మంచం పక్కన పెట్టుకుని దేవుడిలా చూసుకునేది.

చెల్లికి పాలు చాలక ఏడుపు మొదలయ్యాక, దవాఖానా నర్సమ్మ ఇక పైతిండి మొదలుపెట్టమంది. నానమ్మకు అందులో సందేహమే లేదు. బియ్యం, పెసరపప్పు కడిగి ఆరబెట్టి, విసిరి, ఆ పిండిని ఇంత వాము నీళ్లలో సన్నటి సెగ మీద చాలాసేపు కలుపుతూ ఉడికించాలి. నన్నూ నాయననూ అలాగే పెంచింది. అమ్మకు తెల్లవారుజామున అంత తీరిక ఎక్కడిది? కిరోసిన్ కోసం లైనులో నిలబడే రోజులవి. అందుకే ఫాక్‌లాండ్ రోడ్డులో మందుల దుకాణం నుంచి డబ్బా తెచ్చింది.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. అమ్మ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది. మరాఠీ అక్షరాలు కూడబలుక్కునేది. డబ్బాను బల్బు కిందికి తిప్పి, మీద రాసినదాన్ని తెలుగులోకి మార్చి మాకందరికీ చదివి వినిపించింది. "మరగవెట్టి చల్లార్చిన నీళ్లల్ల కలపాలె. ముందే ఉడికించిన పిండి. మళ్ల ఉడకవెట్టే పని లేదు." పంపు స్టవ్వు హోరుమంటోంది. నానమ్మ దాని పక్కనే కూర్చుని రొట్టెలు కాలుస్తోంది. తర్వాత డబ్బా అందుకుని లోపలి పిండిని వేలితో తాకి చూసింది.

"ఏందే ఇది? గోడకు గొట్టే సున్నం లెక్కున్నది. దీంట్ల బియ్యమేది, పప్పేది?"

"అన్నీ ఉన్నయంట అత్తమ్మా. రాసింది గదా."

"రాస్తే కడుపు నిండుతదా?"

అప్పుడే వచ్చిన మేనత్త గుమ్మంలోనే నిలబడి ఇంకో పుల్ల వేసింది. "ఒళ్లమ్ముకునే ఆ గల్లీ ఆడోళ్లంటే దిక్కులేక డబ్బా పాలు పోస్తరు. నీకేమాయె వదినె? ఇంట్ల అత్త లేదా, ఇసుర్రాయి లేదా?" అమ్మ మూత బిగించింది. డబ్బాను దేవుడి పటం పక్కన పెట్టింది.

పొద్దున్నే నానమ్మ నల్లా దగ్గర బిందెలతో ఉన్నప్పుడు అమ్మ నీళ్లు కాచి చల్లార్చి, పొడి కలిపి చెల్లికి తినిపించి పనికి పరిగెత్తేది. చెల్లి తిన్నది. బుగ్గలు కూడా వచ్చాయి. వానలు పట్టేదాకా అంతా బాగానే ఉంది.

వానల్లో అమ్మ ఒక వింత గమనించింది. "డబ్బా ఎంతకూ ఒడుస్తలేదే" అని నాతో నవ్వుతూ అంది. మంచి సరుకు తెచ్చానని ఆమె సంబరం. అది అయిపోకపోవడానికి కారణం నానమ్మ అని మాకు తర్వాత తెలిసింది. విడిగా వండటానికి కిరోసిన్ చాలక, ఇంటి పిండి మనవరాలి కడుపులో పడటం లేదనే బెంగతో, అమ్మ లేనప్పుడు తన పిండిని పిడికెడు పిడికెడు తెచ్చి ఆ డబ్బాలో కలుపుతోంది. ముసురుకు సరిగా ఆరని, ముక్కిపోయిన పచ్చి పిండి. ఉడికిస్తే అదీ మంచి తిండే అయ్యేదేమో. కానీ అమ్మ దాన్ని గోరువెచ్చని నీళ్లలో కలిపి పెడుతోంది.

చెల్లికి విరేచనాలు పట్టుకున్నాయి. ఇద్దరూ ప్రాణం పెట్టి చూసుకున్నారు, భయంకరమైన సంగతి అదే. పిల్ల నీరసించిందని అమ్మ డబ్బా నుంచి ఇంకో చెంచా ఎక్కువ వేసేది. డబ్బా తిండి పడటం లేదనుకుని నానమ్మ ఇంకో పిడికెడు ఎక్కువ కలిపేది.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఏం పెట్టారని అడిగితే అమ్మ డబ్బా పేరు చెప్పింది. ఆయన హిందీలో అమ్మను అందరి ముందూ తిట్టాడు. మురికి చేతులన్నాడు, మురికి నీళ్లన్నాడు, మీకెందుకివన్నీ అన్నాడు. నానమ్మ చెల్లి గుడ్డలు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. నోరు విప్పలేదు. హిందీ అర్థం కాలేదేమో. అర్థమైందేమో. ఏది నిజమో నాకు తెలియదు.

చెల్లిని నాయన పాత చీరముక్కలో చుట్టుకుని ఎత్తుకెళ్లాడు. వానలోనే వెళ్లాడు, వానలోనే ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే డబ్బాను గోడకేసి కొట్టాడు. మూత దొర్లుకుంటూ పోయి ఇసుర్రాయికి తగిలి ఆగింది. "చదివినవు గదా, ఇంక చదువు!" అని అమ్మ మీద అరిచాడు. గ్యాలరీలో మేనత్త శోకాలు పెడుతూనే కథ మొదలుపెట్టింది. ఇప్పటిదాకా ఆపలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం, చూడవచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, అమ్మ ఆ సొట్టపడ్డ డబ్బా తీసింది. పారేయడానికేమో అనుకున్నాను. కాదు. ఎంతకూ ఒడవని ఆ డబ్బా మీద ఆమెకు అనుమానం పడింది. స్టీలు చెంబు వదిలి గాజు గ్లాసు వెతికి తీసుకుంది. అందులో నీళ్లు పోసి, డబ్బాలో మిగిలిన పొడి ఒక చెంచా వేసి కలిపి, గడప మీద వెలుతురులో పెట్టింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఎదురుగా నానమ్మ. ముగ్గురం ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాం.

డబ్బా పొడి నీళ్లలో కలిసిపోయింది. దాని కింద, గ్లాసు అడుగున, తెల్లగా పిండి తేరుకుంది. అమ్మ మీది నీళ్లు వంపేసి అడుగుదాన్ని వేలికి తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. నా నాలుక మీదా పెట్టింది. పచ్చి పిండి. కాస్త పులుపు, ముక్కిన వాసన.

నానమ్మ కొంగు మొహానికి కప్పుకుంది. అమ్మ లేచి గ్లాసును మోరిలో కడిగేసింది. తర్వాత నాతో, నాతోనే, అన్నది: "ఎవ్వల పిండైనా సరే బిడ్డా, నాలికె మీద ఏసుకోకుండ పోరగాండ్లకు పెట్టొద్దు." అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇసుర్రాయిని మంచం కిందికి నెట్టేసింది మాత్రం నానమ్మే. చనిపోయేదాకా దాన్ని బయటికి లాగలేదు.

కాలేజీలో చేరాక అమ్మతో దెబ్బలాడాను, ఆడపడుచు అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావని. "చెప్తే పోరి వస్తదా? గీ ఒక్క ఖోలీల ఆ ముసలామె నా మొగం చూసుకుంట ఎట్ల బతుకుతది?" అంది. చుట్టాలు దీన్ని వింటే ఓర్పు అంటారు. నాకు ఒప్పుదల లేదు. చేయని తప్పును ఒక మనిషి చచ్చేదాకా మోయడం ఓర్పు ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

నా పిల్లలకు నేను రెండూ పెట్టాను. సెలవు రోజుల్లో ఇంటి పిండి మెరిసేదాకా ఉడికించాను. ఆఫీసు రోజుల్లో డబ్బా విప్పాను. ఏది పెట్టినా మొదటి చెంచా నా నోట్లోనే. మొన్న మేనత్త మనవరాలికీ అదే చూపించాను. ఆమె ప్యాకెట్ కత్తిరించింది, చిటికెడు నాలుక మీద వేసుకుంది, తర్వాతే కొడుక్కి కలిపింది.

అమ్మ లేదు, నానమ్మా లేదు. అమ్మ జవాబైతే నచ్చినా నచ్చకపోయినా నా దగ్గరుంది. నానమ్మను అడగలేకపోయినది ఒక్కటే మిగిలిపోయింది. ఆ సాయంత్రం, మళ్లీ ఉడకబెట్టే పని లేదని అమ్మ చదివినప్పుడు, ఆ స్టవ్వు హోరులో నీకు వినబడిందా నానమ్మా, వినబడలేదా?