పెద్ద సిస్టరమ్మ పాదాలకు పారాణి

పెద్ద సిస్టరమ్మ పోయిందన్న కబురు నేను పొయ్యి ముందు కూర్చుని ఉండగా వచ్చింది. కబురు తెచ్చిన మనిషి లోపలికి రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు. "గుండె ఆగిందంట అవ్వా" అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "గుండేనో ఇంకేందో. ఆ జబ్బోళ్ళను ముట్టుకున్న మనిషి కదా!" అని కూడా అన్నాడు. చేతిలో ఊదుగొట్టం ఉంది. ఆమె పోయిన పూట ఎవరినీ కొట్టకూడదని ఆగాను.

ఆమె గుండె జబ్బుతోనే పోయింది. డాక్టరుగారు ఆ మాట చెప్పారు. నాకూ తెలుసు. కొన్నాళ్ళుగా ఆసుపత్రి మెట్లెక్కితే రొప్పుతూ గోడ పట్టుకుని నిలబడేది.

ఆమెకు స్నానం చేయించి, పాదాలకు పారాణి పెట్టింది నేను. ఆమె భర్త పోయిన మనిషి. అలాంటి ఆడదాని పాదాలకు మా పల్నాట పారాణి పెట్టరు. ఆ రోజు నుంచి నలుగురూ నన్ను నిలదీస్తున్నారు, ఆచారం తెలిసిన దానివి, ఏ మొహం పెట్టుకుని ఆ పని చేశావని. ఒక్కొక్కరికీ జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. అక్షరం రాదు కాబట్టి నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. పూర్తిగా చదివి, అప్పుడు అడగండి.

నేను మంత్రసానిని. ఇంట్లో కాని కాన్పు అయితే బండి కట్టించి ఆసుపత్రికి తీసుకొచ్చేదాన్ని. మొదటిసారి వెళ్ళినప్పుడు, అక్కడి నర్సులందరికీ పెద్ద అయిన ఈ సిస్టరమ్మ నా మొహం చూడలేదు, నా గోళ్ళు చూసింది. "ఈ గోళ్ళతో నా గదిలోకి రావద్దు" అంది. నాకు ఒళ్ళు మండింది. "నీ అంత వయసున్న వాళ్ళని ఈ గోళ్ళతోనే భూమ్మీద పడేశానమ్మా" అన్నాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, కత్తెరతో గోళ్ళన్నీ తనే తీసింది. నా చేతులు ఎన్నో పనులు చేశాయి గానీ ఒకరి ఒళ్ళో కూర్చున్నది అదే మొదలు. తర్వాత్తర్వాత కాన్పుల గదిలో సాయం ఉండి, అక్కడి గుడ్డలు ఉతకడం కూడా నా పనైంది.

ఊరికే కూర్చోవడం ఆమెకు తెలియదు. మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళు కట్లు కట్టే గాజుగుడ్డను మడతలు పెడుతూనే ఉండేవి. నీళ్ళు మరిగాయా అని ఎవరినైనా అడిగితే ఆమెకు నచ్చేది కాదు. "అడగమాకు, మూత తీసి చూడు" అనేది. డాక్టరు నుంచి ఊడ్చే మనిషి వరకూ మగవాళ్ళంతా ఆమెకు "అయ్యా"నే.

కిందటేడు ఎండాకాలంలో మాచర్ల వైపు నుంచి నాపరాళ్ళు తోలే లారీ డ్రైవరు ఒకతను గుంటూరులో చనిపోయాడు. ఎయిడ్స్ అని మద్రాసు నుంచి రిపోర్టు వచ్చింది. ఆ మనిషి అంతకుముందు మా ఆసుపత్రిలోనే పడుకుని వెళ్ళాడు. ఏ మంచమో, ఏ సూదో ఎవరికీ గుర్తులేదు. భయమంటే అప్పుడు చూశాను. స్వీపరు వార్డు గడప తొక్కడం మానేశాడు. ల్యాబు అబ్బాయి సెలవు పెట్టాలని చూశాడు. డాక్టరుగారు చిన్నవారు, కొత్తగా వచ్చారు; రోగిని గుమ్మంలో నిలబడే పలకరించేవారు. డాక్టర్లకు డాక్టర్లు ఇంగ్లీషులో చెప్పుకున్నారు. నర్సులకు ఒక కాగితం వచ్చింది. స్వీపరుకూ నాకూ ఎవరూ ఏమీ చెప్పలేదు.

"విడివిడిగా చెబితే విడివిడిగా చస్తాం. అందరికీ ఒక్కచోటే చెబుతా" అంది పెద్ద సిస్టరమ్మ. మధ్యాహ్నం ఓపీ అయిపోయాక వరండాలో జంఖానా పరిచింది.

"కుర్చీలు లేవా సిస్టర్?" అన్నారు డాక్టరుగారు.

"ఉన్నాయయ్యా. రక్తం కుర్చీ చూసి ఆగదు గదా!"

ఆయన కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డారు. స్వీపరు మెట్టు మీదే ఉండిపోయాడు. పైకి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. "నువ్వు రాకపోతే జంఖానానే వస్తుందిలే అయ్యా" అని, మేము కూర్చుని ఉండగానే ఆమె దాన్ని బరబరా లాగింది. నర్సమ్మ ఒకామె వెల్లకిలా పడబోయింది. జంఖానా అంచు అతని మోకాలికి తగిలాక ఆపింది.

అప్పుడు ఒక గిన్నెలో పసుపు కలిపి, పిడుగురాళ్ళ సున్నం వేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పారాణే.

"ఇది రక్తం. ఈ దిండు రోగి. రోజూ ఎట్టా చేస్తారో అట్టాగే చెయ్యండి. నేను చూస్తున్నానని జాగ్రత్తపడితే ఊరుకోను."

ల్యాబు అబ్బాయి సూది తీసేసిన సిరంజితో ఆ ఎర్రనీళ్ళు పీల్చి పళ్ళెంలో పడేశాడు. నర్సమ్మ పళ్ళెం అందుకుని దూదితో దిండు తుడిచింది. డాక్టరుగారు గోడ వదిలి వచ్చి, దిండును ఒత్తి చూసి, జేబులోంచి కలం తీశారు. దిండు కింది దుప్పటి నా తొట్టిలో పడింది. నేను పిండాను. చెత్తబుట్ట స్వీపరు ఎత్తుకెళ్ళి వచ్చాడు.

"ఇప్పుడు చేతులు చాపండి."

అందరి చేతులూ ఎర్రగా ఉన్నాయి. నాకు మోచేతుల దాకా. డాక్టరుగారి జేబు అంచున కలం దూరిన చోట ఎర్రటి చార. స్వీపరు తన అరచేతులు చూసుకుని, "నేను రోగి కాడికి పోనే లేదమ్మా" అన్నాడు.  

"ఎవరి చేతిది ఎవరికంటిందో చెప్పగలరా? ఎవరి రక్తంలో ఆ క్రిమి ఉందో మొహం చూసి చెప్పగలరా? చెప్పలేం. అందుకని ఇక్కడ అందరి రక్తం ఒకటే అనుకోండి. డ్రైవరుదైనా, సర్పంచుదైనా, నాదైనా" అంది. "ఇంకొకటి. నీ చేతిలోది పక్క చేతికి పోయేముందు, పక్క చేతికి చెప్పు."

డాక్టరుగారు వచ్చి జంఖానా మీద, స్వీపరు పక్కన కూర్చున్నారు.

ఆ తర్వాత వారాల తరబడి అదే చదువు. వాడిన సూదికి మూత పెట్టకుండా నేరుగా డబ్బాలో వెయ్యడం, గ్లౌజులో నీళ్ళు పోసి చిల్లి వెతకడం, గుడ్డల్ని ముందు బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టడం. ముట్టుకుంటే రాదని, పక్కన కూర్చుంటే రాదని, కలిసి తింటే రాదని మా చేత పదే పదే అనిపించేది. అన్నాం. కానీ అనడం వేరు.

వేరని తేలే రోజు వచ్చింది. ఆ డ్రైవరు పెళ్ళాం నిండు చూలాలు. ఆమె రక్తంలోనూ ఉందని రిపోర్టు వచ్చింది. నొప్పులు మొదలైతే అత్తాకోడళ్ళను బండిలో నేనే తీసుకొచ్చాను. మూలగదిలో పడుకోబెట్టారు. ఆయా ఒకామె, చెడ్డ మనిషి కాదు, ఆ గది గుమ్మానికి వేపమండలు కట్టింది. అమ్మవారు పోసిన ఇంటికి మేమంతా చేసే పనే. పరాయివాళ్ళు లోపలికి రాకుండా గుర్తు, లోపలి మనిషికి చలవ. ఈ జబ్బుకు గుర్తు పెట్టకూడదన్న ఆలోచన ఆమెకు రాలేదు.

మండలు చూసి ఓపీ వరుసంతా గుసగుసలాడింది. కాసేపటికి ఒక ఊరి సర్పంచు పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. ఆయన కోడలు కూడా కాన్పుకు వార్డులో ఉంది.

"ఏందమ్మా ఇది? దాన్ని గుంటూరు పంపిస్తారా, మా పిల్లను తీసుకుపొమ్మంటారా?"

మూలగదిలో ఆ పిల్లకు ఉమ్మనీరు పోయి ఉంది. ఒంట్లో రక్తం లేని మనిషి. ఆ దారిలో జీపు కుదుపులకు తల్లో బిడ్డో, ఇద్దరూనో పోతారని నాకు తెలుసు. అత్త అప్పటికే మూట కట్టేసింది. "లేవే, పోదాం. ఇంతమంది చేత మాట పడేకన్నా దారిలో చావడం నయం" అంటోంది. ఆ పిల్ల మంచం పట్టె వదలడం లేదు. "నన్ను లేపమాక అత్తా" అంటోంది.

మండలు పీకేయబోయాను. పెద్ద సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పీకితే అమ్మోరిని తీసేశామంటారు. పెరట్లోకి పోయి ఇంకాసిని విరుచుకురా అవ్వా. కొంగు నిండా."

తెచ్చాను. ఆమె స్టూలెక్కి వార్డు గుమ్మానికి కట్టింది. కాన్పుల గదికి కట్టింది. మందులిచ్చే కిటికీకి, ల్యాబుకు, తన గదికి కట్టింది. డాక్టరుగారి గదికి వచ్చేసరికి రొప్పు వచ్చి స్టూలు ఊగింది.

"ఏంది సిస్టర్ ఇదంతా?" అన్నారాయన.

"మన పాఠమేనయ్యా."

ఆయన ఒక్క క్షణం చూసి, వంగి స్టూలు పట్టుకున్నారు.

ఆమె దిగి సర్పంచు దగ్గరికి వెళ్ళింది. గొంతు పెంచలేదు. "మండలు లేని గది యాడుందో చూసుకోండయ్యా. మీ కోడల్ని అందులో పెడతా."

ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు. ఆయన భార్య చెయ్యి గుంజింది. "అమ్మోరి ఎదుట చెప్పులేసుకుని ఏం అరుపులయ్యా అవి? పద అవతలికి!" అంది. ఆయన కాళ్ళవైపు చూసుకుని చెప్పులు విడిచాడు. చెప్పులు విడిచాక మనిషి అరవలేడు.

డ్రైవరు పెళ్ళాన్ని కాన్పు గదిలోకి మార్చాక ఎవరి చోట వాళ్ళున్నాం. డాక్టరుగారి నుదుటి చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. పెద్ద సిస్టరమ్మ ఆ పిల్ల తల దగ్గర నిలబడి జుట్టు నిమురుతోంది. బిడ్డ బయటపడి కాసేపు ఏడవలేదు. తర్వాత ఏడ్చింది. ఆడపిల్ల.

దుప్పట్లు తొట్టిలో పడ్డాయి. నేను చెయ్యి పెట్టబోయాను.

"ఆగవ్వా!" అని అరిచారు డాక్టరుగారు. "చెయ్యి పెట్టమాకు. కుట్టు వేసిన సూది కనిపించడం లేదు. అందులో పడిందేమో."

పటకారుతో వెతికితే మడతలో దొరికింది. నా జన్మలో ఎన్ని తొట్లు ఉతికానో. లోపల ఏముందో చదువుకున్న మనిషి నాకు చెప్పింది అదే మొదటిసారి.  పెద్ద సిస్టరమ్మ వేళ్ళు గాజుగుడ్డ మడతలు పెట్టడం మొదలుపెట్టాయి.

అలాంటి మనిషి పోయిన పొద్దున నేను ఆమె ఇంటికి వెళ్ళేసరికి, జనం వీధి అవతలి గోడ వెంట నిలబడి ఉన్నారు. సొంత తమ్ముడు గడప దాటలేదు. స్నానం చేయించడానికి ఒక్క ఆడమనిషి ముందుకు రాలేదు. లోపల ఆమె ఒక్కతే పడుకుని ఉంది. ఒళ్ళు మండి వీధిలోకి వచ్చి తిట్టాను, ఏమేమి తిట్టానో మా మనవరాలు రాయనంటోంది. తిడుతుండగానే స్వీపరు బిందె నీళ్ళు మోసుకుంటూ వచ్చాడు. ల్యాబు అబ్బాయి సైకిలు మీద వచ్చాడు. నర్సమ్మలు వచ్చారు. డాక్టరుగారు వచ్చి చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వెళ్ళారు.

మగవాళ్ళను బయటికి పంపి స్నానం చేయించాం. నేను పసుపులో సున్నం కలపడం చూసి కిటికీలోంచి ఒకామె అంది, "ఏమే ముసలిదానా, మతి పోయిందా? విధవకు పారాణి ఏంది?"

"ఇది పెళ్ళి పారాణి కాదే, మా చదువు!" అన్నాను.

ఇదే నా జవాబు. ఇంకో జవాబు లేదు.

పారాణి ఆరకముందే ఎత్తాల్సి వచ్చింది. స్వీపరు, డాక్టరుగారు కాళ్ళ వైపు పట్టారు, ల్యాబు అబ్బాయి తల వైపు. అది చూసి తమ్ముడు కూడా గడప దాటి వచ్చి చెయ్యి వేశాడు. పాడె మీద పెట్టి, నలుగురూ ఆ తడి పాదాలు పట్టి సర్ది, భుజాలకెత్తుకున్నారు. ఆడవాళ్ళం వీధి మలుపు దాకా వెళ్ళి ఆగాము. నలుగురూ ముందుకు నడిచారు. పచ్చి వెదురును పట్టుకున్న నలుగురి వేళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఏవి డాక్టరువో, ఏవి స్వీపరువో నాకు తెలియలేదు.