బ్రేకమ్మ కాలు

బ్రేకమ్మ అసలు పేరు కాగితాల మీద తప్ప ఎక్కడా వినబడదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె డ్రైవింగు స్కూలు నడుపుతోంది. స్కూలంటే మేడలూ మిద్దెలూ ఏమీ లేవు. టైలరు దుకాణం పక్కన ఒక గది, గోడకి రోడ్డు గుర్తుల పటం, రెండు కుర్చీలు, బయట ఒక తెల్ల కారు. ఆ కారుకి మాత్రం మామూలు కార్లకు లేనిది ఒకటుంది. పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే నేర్పేవాళ్ళు తొక్కడానికి పెట్టింది. ఆమె కుడికాలు ఆ బ్రేకు మీదే ముసలిదైంది.

ఆ కాలు ఇప్పుడు ఆమె మాట కూడా వినదు. సినిమా హాల్లో తెర మీద కారు మలుపు తిరిగితే ముందు వరసలో కూర్చున్నవాడి వీపు అదురుతుంది. భర్త స్కూటరు వెనక ఎక్కితే ఆయన పాపం సగం దారిలో ఆపి, “నువ్వు తొక్కుతున్నది నా చెప్పు” అని గుర్తు చేయాలి. కూతురు వేడి గిన్నె పట్టుకుని వంటింట్లోంచి కాస్త జోరుగా వచ్చినా, కూర్చున్న చోటే ఆమె పాదం నేలకు అదుముకుంటుంది. బ్రేకమ్మ అని ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆమె ముందు అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆమె గర్వమంతా ఒక్కటే. ఇన్నేళ్ళలో తను పక్కన ఉండగా ఆ కారుకి ఒక్క గీత పడలేదు. ప్రతి పాఠం చివరా, “చూశావా, ఎంత చక్కగా ఆపావో!” అని మెచ్చుకోవడం ఆమె అలవాటు. నేర్చుకున్నవాళ్ళు పొంగిపోయి వెళ్ళేవారు. పరీక్షలో మాత్రం ఆమె శిష్యులు మొదటిసారే గట్టెక్కడం అరుదు. పరీక్షకి పక్క బ్రేకు తీసేస్తారు, నేర్పినవాళ్ళు బయట బల్ల మీద కూర్చోవాలి. “ఆ అధికారికి నేనంటే పడదు, అదీ సంగతి” అని ఆమె తేల్చేసింది. ఒక్కసారైనా ఇంకోలా ఆలోచించలేదు. మనమైనా అంతే లెండి.

ఇప్పుడు ఆమె దగ్గర నేర్చుకుంటున్నది సొంత తోటికోడలే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆవిడా, బావగారూ కలిసి లాండ్రీ నడుపుతారు. హోటళ్ళ దుప్పట్లూ, ఆసుపత్రి తెరలూ తెచ్చి ఉతికి ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళి ఇస్తారు. వ్యాను తోలేది బావగారు. గత ఏడాది ఆయన చూపు మసకబారింది. ఇంక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. తోలే మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. వ్యాను ఆగితే లాండ్రీ ఆగుతుంది. తోటికోడలు పమిట బిగించి నేర్చుకోవడం మొదలుపెట్టింది, పరీక్షకి ఐదుసార్లు వెళ్ళింది, ఐదుసార్లూ తప్పింది. ప్రతిసారీ ఒకటే జబ్బు. ఆగాల్సిన చోట ఆగదు, గోడ దాకా పోతుంది.

ఆరోసారి ఇవాళ పదకొండింటికి. ఆమె నేర్చుకునే లైసెన్సు గడువు కూడా ఇవాళ్టితోనే సరి. తప్పితే మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకుని ఎనిమిది నెలలు ఎదురుచూడాలి. హోటళ్ళ వాళ్ళు ఎనిమిది రోజులు కూడా ఆగరు.

అందుకే పదింటికల్లా బయల్దేరారు. తోటికోడలు స్టీరింగు ముందు, బ్రేకమ్మ పక్కన. కారు నెత్తిన ‘నేర్చుకుంటున్నారు, ఓపిక పట్టండి’ అన్న బోర్డు. వంతెన ఎక్కేదాకా అంతా సవ్యంగానే ఉంది. వంతెన ఏటవాలులో సగం ఎక్కేసరికి ముందున్న బళ్ళన్నీ ఆగిపోయాయి.

“ఏమైందే?” అంది తోటికోడలు.

“ఏముంటుంది, ఏదో బండి చెడిపోయుంటుంది. చేతి బ్రేకు లాగక్కా.”

బండి చెడలేదు. వంతెన పైన పదిమంది రోడ్డుకి అడ్డంగా వరసగా కూర్చున్నారు. నారింజ రంగు కోట్లు, ముందు పరిచిన పొడవాటి గుడ్డ. ‘భూమి వేడెక్కుతోంది, ఒక్క గంట ఆగి ఆలోచించండి’ అని దాని మీద రాసుంది. ఆ వార్త ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పాకుతూ తెల్ల కారు దాకా వచ్చింది.

ఇక హారన్లు మొదలయ్యాయి. పాల వ్యాను అతను దిగి టాపు మీద దబదబా బాదాడు. టై కట్టుకున్న ఒకాయన ఫోనులో, “దారిలోనే ఉన్నాను సార్, దారే కదలడం లేదు” అని అదే ముక్క నలుగురికి చెప్పాడు. గాజు తొట్టెలో రంగుచేపలు పెట్టుకుని వెళ్తున్న టాక్సీలో ఆవిడ, తొట్టెకి ఎండ తగలకుండా గొడుగు పట్టి కూర్చుంది. వింత ఏమిటంటే, వాళ్ళు చెప్పేది తప్పని ఒక్కరూ అనలేదు.

“నిజమేనండీ, మా ఇంట్లో రాత్రిళ్ళు ఫ్యాను కింద కూడా ఉడికిపోతున్నాం” అన్నాడు పాలాయన.

“వానలు చూడండి, పడితే ముంచేస్తున్నాయి, లేకపోతే లేనే లేవు” అంది చేపలావిడ.

“అన్నీ ఒప్పుకుంటాను. ఇవాళే చెప్పాలా? గురువారం చెప్పొచ్చుగా!” అన్నాడు టై ఆయన.

గురువారమైతే నాకు కుదరదని వెనక కారులోంచి ఇంకెవరో అరిచారు.

పదీ నలభై అయింది. తోటికోడలు స్టీరింగు మీద తల ఆనించింది. “పోనీలేవే, రాసిపెట్టి లేదు. వ్యాను అమ్మేస్తాం” అంది చిన్న గొంతుతో. ఆ మాటతో బ్రేకమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“నువ్వు కదలకు. వాళ్ళ సంగతి నేను చూసొస్తా” అని తలుపు తోసి, చెంగు నడుముకి దోపి, బళ్ళ మధ్యలోంచి పైకి నడిచింది. దారి పొడవునా జనం, “వెళ్ళండమ్మా, నాలుగు తగిలించండి” అని సాగనంపారు. వెంట వెళ్ళినవాళ్ళు మాత్రం లేరు.

“ఏమయ్యా, మీకు బుద్ధుందా?” అని మొదలుపెట్టింది. “రోజూ ఎనిమిదిమందిని రోడ్డు మీదికి తేవడానికి నేను చచ్చేచావు చస్తుంటే, మీరు తీరిగ్గా రోడ్డు మీద కూర్చుంటారా? మా అక్క పరీక్ష పోతే ఆ ఇల్లు ఎలా గడవాలి? మీ గుడ్డ మీద రాశారా అది?”

ఒకమ్మాయి నీళ్ళ సీసా అందించబోయింది. వరస చివర కూర్చున్న నెరిసిన గడ్డం మనిషి మాత్రం కళ్ళజోడు సర్దుకుని తేరిపార చూశాడు.

“మేడం! మీరా? నన్ను గుర్తుపట్టలేదా? పళ్ళ డాక్టర్ని. పద్నాలుగేళ్ళ కిందట మీ దగ్గరే నేర్చుకున్నాను.”

బ్రేకమ్మ నోరు సగంలో ఆగింది. “నేర్చుకుని?”

“మూడుసార్లు ఫెయిలయ్యానండీ. మూడోసారి పరీక్ష ఆఫీసు గోడకే గుద్దేశాను. అప్పట్నుంచి సైకిలే. ఒక రకంగా నేనిక్కడ కూర్చోవడానికి మీరే కారణం” అని నవ్వాడు.

“నా దగ్గర ఒక్కసారైనా గుద్దారా? ఎంత చక్కగా ఆపేవారు!”

“అదే కదా మేడం నా బాధ. బండి ఆగిన ప్రతిసారీ నేనాపానో మీరాపారో నాకు తెలిసేది కాదు. మీరేమో మెచ్చుకునేవారు. పరీక్షలో చూస్తే పక్కన మీ కాలు లేదు.”

డాక్టరు వేళాకోళానికే అన్నాడు. పిప్పి పన్ను ఎక్కడుందో వెతక్కుండానే తగిలింది. బ్రేకమ్మ కళ్ళ ముందు ఐదు పరీక్షలూ తిరిగాయి. ఆగాల్సిన చోట ఆగని అక్క. పాఠాల్లో ఎప్పుడూ ఆగే అక్క. ఆ ఆగడంలో అక్కది ఎంత, తనది ఎంత?

అంతలో కింద నుంచి అంబులెన్సు కూత వినబడింది.

కూర్చున్నవాళ్ళు చటాలున లేచి, గుడ్డ చుట్టేసి, దారి వదిలారు. అంబులెన్సుకి లేవడం వాళ్ళ నియమమట. కానీ అంబులెన్సు పైకి వస్తే కదా! నేను ముందంటే నేను ముందని జనం బంపరుకి బంపరు ఆనించి, మధ్య వరస, పక్క వరస, అన్నీ నింపేశారు. ఇంతసేపూ దారికి అడ్డమని తిట్టినవాళ్ళే ఇప్పుడు దారిలో మేకుల్లా దిగబడి ఉన్నారు. ఒక్కో బండీ అటూ ఇటూ ఒరుగుతోంది. పాల వ్యాను ఎడమకి జరిగింది, చేపల టాక్సీ కుడికి జరిగింది. నట్టనడుమ మిగిలింది తెల్ల కారు.

అది వెనక్కి దిగి, పాల వ్యానుకీ వంతెన గోడకీ నడుమ ఉన్న సందులోకి దూరాలి. ఏటవాలు. రివర్సు. పక్కన ఎవరూ లేరు.

“అక్కా, నువ్వు కదలకు!” అని అరిచింది బ్రేకమ్మ. హారన్ల మోతలో ఎవరికి వినబడుతుంది? పరుగెత్తబోయింది, బళ్ళ మధ్య సందు లేదు. తెల్ల కారు అద్దంలో తోటికోడలి మొహం వెనక్కి తిరగడం కనిపించింది. చేతి బ్రేకు దిగింది. కారు వెనక్కి జారింది.

బ్రేకమ్మ కుడికాలు తారు రోడ్డుని కసిగా తొక్కింది. మళ్ళీ తొక్కింది. కారు ఒకసారి ఆగింది, కొద్దిగా వంకర తిరిగింది, మళ్ళీ మెల్లగా జారింది. పాల వ్యాను అతను రెండు చేతులతో తల పట్టుకున్నాడు. కారు సందులోకి వెళ్ళి, వంతెన గోడకి జానెడు దూరంలో, నెమ్మదిగా, పూర్తిగా ఆగింది.

అంబులెన్సు దాని పక్క నుంచి దూసుకుపోయింది. ఒక్క క్షణం తర్వాత అటు హారన్లు కొట్టిన చేతులూ ఇటు నారింజ కోట్ల చేతులూ కలిసి చప్పట్లు కొట్టాయి. ఆ పూట రెండు పక్షాలూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే.

“మేడం, ఇప్పుడు ఆపింది మీరు కాదు కదా?” అన్నాడు డాక్టరు, రోడ్డుని తొక్కుతున్న ఆమె కాలి వంక చూస్తూ.

బ్రేకమ్మకి సిగ్గేసింది. సిగ్గుతో పాటు పట్టలేనంత సంతోషమూ వేసింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక, “మీరు మళ్ళీ కూర్చోకండి, మాకు పరీక్షుంది” అని కసిరింది.

“కూర్చోక తప్పదండీ. అదుగో, పోలీసులు వచ్చారు. మమ్మల్ని మోసుకెళ్తారు, ఓ పది నిమిషాలు పడుతుంది” అని డాక్టరు మళ్ళీ తన చోట్లో కుదురుగా కూర్చున్నాడు. ఆమె మనసు మారిపోయిందని చెబితే అబద్ధమే. రోడ్డు మీద కూర్చోవడం ఆమెకి ఇప్పటికీ మంటే. కాకపోతే పోలీసులు ఆయన్ని ఎత్తుతుంటే, “నెమ్మదయ్యా, పెద్దాయన నడుం జాగ్రత్త” అంది. “సోమవారం రండి డాక్టరుగారూ, ఈసారి సరిగ్గా నేర్పిస్తాను” అని కూడా అంది.

“అసలు గొడవే కార్ల గురించి కదా మేడం!” అని ఆయన గాల్లోంచే నవ్వాడు.

కారు దగ్గరికి వెళ్ళేసరికి తోటికోడలు రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని కూర్చుంది. “ఏమే, నువ్వు లేకుండా కదిలించానని తిట్టకు. దారిలేక...”

“తిట్టనక్కా. ఇన్నాళ్ళూ నువ్వే ఆపుతున్నావని చెప్పాను చూడు, అది అబద్ధం. నాకు తెలియకుండా ఆడిన అబద్ధం. నిన్ను ఐదుసార్లు ఫెయిల్ చేసింది ఆ అధికారి కాదు, నేను.”

తోటికోడలు వంగి పక్క సీటు తలుపు తోసింది. “ఆ సంగతి తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం, ముందు ఎక్కు” అంది.

పదకొండూ యాభైకి చేరారు. గడువు దాటిందని గుమాస్తా గసిరేలోపే, పరీక్ష పెట్టాల్సిన అధికారి చెమటలు కక్కుతూ నడిచొచ్చాడు. ఆయనా వంతెన దగ్గరే ఇరుక్కుని, బండి అక్కడే వదిలేసి వచ్చాడట. ఇవాళ అందరికీ గంట ఆలస్యం చెల్లుతుందని ఆయనే ప్రకటించాడు. పక్క బ్రేకు తీసేశారు. బ్రేకమ్మ బల్ల మీద కూర్చుని, రెండు చేతులతో కుడి మోకాలు గట్టిగా అదిమిపట్టుకుంది. కారు నాలుగుచోట్ల ఆగాలి. నాలుగుచోట్లా ఆగింది. బావగారికి ఫోను చేసినప్పుడు ఇద్దరికీ మాటలు రాలేదు. ఆయన మాత్రం కంగారుగా, “మళ్ళీ గోడేనా?” అని అడిగాడు.

తిరుగు ప్రయాణానికి బ్రేకమ్మ అలవాటుగా పక్క సీటు తలుపు తీసింది. మళ్ళీ మూసేసింది. వెనక సీట్లోకి వెళ్ళి, చెప్పులు విడిచి, కాళ్ళు రెండూ సీటు మీదికి ముడుచుకుని బాసిపట్టు వేసుక్కూర్చుంది. ఆ కారులో ఆ సీటు ఎంత మెత్తగా ఉంటుందో ఆమెకి ఇవాళే తెలిసింది.

వంతెన దిగాక జీబ్రా చారల దగ్గర ఒకాయన సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటబోతున్నాడు. పళ్ళ డాక్టరు. స్టేషన్లో పదిమందికీ కూర్చునే చోటు లేక, పేర్లు రాసుకుని పంపేశారట. వస్తున్న తెల్ల కారునీ, నెత్తినున్న బోర్డునీ చూసి, అనుభవమున్న మనిషి కాబట్టి, సైకిలుతో సహా రెండడుగులు వెనక్కి వేశాడు.

కారు చారలకి బారెడు ఇవతలే మెత్తగా ఆగింది.

డాక్టరు వంగి పక్క సీటు చూశాడు. ఖాళీ. వెనక సీట్లో మేడం, ఒళ్ళో రెండు పాదాలూ పెట్టుకుని కూర్చునుంది. ఎవరాపారని చేత్తోనే సైగ చేసి అడిగాడు.

బ్రేకమ్మ రెండు చేతులూ పైకెత్తి, నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. తోటికోడలు అద్దం దించి, వీధంతా తిరిగి చూసేలా అరిచింది.

“నేనే ఆపాను డాక్టరుగారూ! నేనే! మీరు దాటండి.”