కుక్క భయం పోగొట్టబోయి

అప్పట్లో మేం మణుగూరు బొగ్గుగనుల కాలనీలో, అడవి పక్క క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మాకు పిల్లల్లేరు. అమ్మానాన్నలు పోయి మేనమామ ఇంట్లో ఉంటున్న ఆరేళ్ల సరితను తెచ్చి పెంచుకున్నాం. పిల్లకు కుక్కంటే ప్రాణభయం. వాకిట్లోకి కుక్క వస్తే చాలు, మంచం కింద దూరి గౌను తడుపుకునేది.

నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. పిల్ల కళ్లముందే కుక్కను చితకబాదితే భయం పోతుందనుకున్నాను. ఒకరోజు పొద్దున వాకిట్లోకి వచ్చిన ఎర్రకుక్కను గోడ మూలకు తరిమి టేకు కర్రతో బాదాను. దాని మూతి పగిలి నెత్తురు కారింది. కాలు విరిగింది.

"చూడు బిడ్డా, గిది నిన్నేం చేస్తది?" అని అరుస్తూ మళ్లీ కర్ర ఎత్తాను.

సరిత మంచం కింద నుంచి ఉరికొచ్చి కుక్క మీద పడింది.

"దానికి చాలమ్మా! ఇగ నన్ను కొట్టు!"

చెయ్యి ఆగలేదు. పిల్ల మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడింది.

దవాఖానాలో కట్టు కడుతుంటే చెప్పింది. "మామ ఎప్పుడూ ముందు కుక్కను కొడ్తుండె. అదైనంక నన్ను."

కర్రను ఆ రోజే పొయ్యిలో పెట్టాను. విరిగిన చేత్తో పిల్ల, విరిగిన కాలుతో కుక్క నెలరోజులు ఒకే అరుగు మీద కూర్చున్నారు. సరిత దానికి తన పళ్లెంలోంచే అన్నం పెట్టేది. కుక్కంటే భయం పోయింది.

కానీ నేను వాకిలి ఊడ్వడానికి చీపురు తీసిన ప్రతిసారీ, ఇద్దరూ ఒక్కసారే నా చేతివైపు చూసేవాళ్లు.