శ్రావణన్న మొకం మీద నీడ

జనగామ బస్టాండు ఎదుట జితేందర్ ఫ్లెక్సీ దుకాణం ఉంది. ఆ ఊళ్లో పుట్టినరోజు చేసుకున్నవాడు, పెద్దకర్మ చేయించుకున్నవాడు, గెలిచినవాడు, ఓడి కూడా గెలిచినట్టు తిరిగేవాడు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు అతని కంప్యూటర్ తెర మీద తెల్లబడిపోయినవాళ్లే. మనిషి ఎంత నల్లగా లోపలికొస్తే అంత తెల్లగా బయటికి పోవాలి. పెద్ద నాయకుడి తల వెనకాల సూర్యుడొకడు పుట్టాలి. ఆ సూర్యుడి వెలుగు కింద వరసలో బిళ్లల్లా పేర్చిన చిన్న నాయకులందరి మీదా సమానంగా పడాలి. ఈ న్యాయం సూర్యుడికి తెలియకపోయినా జితేందర్‌కు తెలుసు.

తెలియక చస్తాడా! ఒక పంచాయతీ ఎన్నికలప్పుడు తరిగొప్పుల వాళ్లకు వేసిన ఫ్లెక్సీలో సర్పంచు మెడలోని గజమాల నీడ పక్కనున్న వార్డు మెంబరు చెంప మీద పడింది. తెల్లారేసరికి వార్డు మెంబరు చుట్టపక్కాలంతా దుకాణం ముందు దిగారు. "మావోని మొకం మీద మసి పూస్తవురా?" అని ఒకడు కుర్చీ లేపాడు కూడా. జితేందర్ భార్య యమున అందరికీ చల్లగా మజ్జిగ పోసి, ఆ ఫ్లెక్సీని వాళ్ల ముందే చింపించి, ఎలాగో సాగనంపింది. ఆనాటి నుంచి జితేందర్ నీడను దుకాణం గడప తొక్కనివ్వలేదు. మనుషులకే కాదు, వెనకాల పెట్టే కొబ్బరిచెట్లకు కూడా నీడ ఉండేది కాదు.

అలాంటివాడికి పిక్సెల్ బొమ్మల పిచ్చి పట్టింది. కరోనా కాలంలో పుట్టినరోజులకు జనం రాక, ఫ్లెక్సీలు లేక, ఖాళీగా కూర్చున్నప్పుడు ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. చుక్కల ముగ్గు లాంటిదే గాని గీతలుండవు, అన్నీ చుక్కలే. ఒక్కో చుక్కా చేత్తో పెట్టుకుంటూ పోతే గోడ అవుతుంది, కిటికీ అవుతుంది, కిటికీలో పిల్లి అవుతుంది. వెనకాల నిలబడి "జర తెల్లగ చెయ్యన్నా" అనేవాడెవడూ ఉండడు. జితేందర్‌కు అన్నిటికంటే నచ్చింది అదే.

అతని బొమ్మలు సౌందర్య కంటబడ్డాయి. మానుకోట పిల్ల. హైదరాబాద్‌లో ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక గేమ్ తయారు చేస్తోంది. అందులో ఒక అమ్మాయి బస్సులో ఊరూరా తిరుగుతూ, చలికాలం పొద్దున్నే ఏదో ఒక ఛాయ్ హోటల్లోకి పోయి కూర్చుంటుంది. మాదిరికి ఒక హోటల్ లోపలి బొమ్మ వేసివ్వమని సౌందర్య అడిగింది. బయట మంచు, లోపల వెలుగు, ఛాయ్ మీద ఆవిరి. అది కుదిరితే గేమ్‌లోని హోటళ్లన్నీ అతనివే.

"గిది కుదిరిందనుకో, ఇగ ఫ్లెక్సీలు బంద్," అన్నాడు జితేందర్.

"బంద్ పెడ్దువుగాని, ముందుగాల బొమ్మ ఎయ్యి," అంది యమున. "నోటితోని ఎన్ని హోటళ్లు కట్టలేదు నువ్వు!"

వేశాడు. దూలానికి బల్బులు వేలాడదీశాడు, గోడకు ట్యూబులైట్లు పెట్టాడు, కిటికీలోంచి ఎండ దింపాడు. ఛాయ్ తాగేవాళ్ల మొకాలన్నీ పళ్లెంలో పెట్టిన పూరీల్లా మెరిశాయి. ఆవిరినైతే మరీ భక్తితో వేశాడు. గ్లాసులోంచి లేచిన ఆవిరి మబ్బులా కమ్ముకుంటే, అందులోంచి ఏ దేవుడో దిగి రెండు బిస్కెట్లు అడుగుతాడేమో అన్నట్టుంది.

సౌందర్య ఫోన్ చేసింది. "అన్నా, గిది ఛాయ్ హోటలా, ఫంక్షన్ హాలా?"

"ఏమైందమ్మా? అందరు మంచిగ కనవడ్తున్నరు గద."

"అందరు కనవడుడే తప్పన్నా. ఒక్క కాడికెల్లి వెలుగు రానియ్యి. మిగిలింది చీకట్ల ఉంచు. చీకటి ఉంటెనే ఆవిరి తెలుస్తది. శనివారం అమ్మతోని చిల్పూర్ గుట్ట మీద గుడికి వస్తున్న. పోయేటప్పుడు మీ దుకాణంల దిగుత. అప్పటికి ఇంకోటి ఎయ్యి."

జితేందర్ ఒక మొకం మీద నీడ పెడదామని మౌస్ పట్టుకున్నాడు. చెయ్యి రాలేదు. బొమ్మలోని మనిషికి ఊరూ పేరూ లేదు, ఓటు లేదు, చుట్టపక్కాలు అసలే లేరు. అయినా అతనికి తరిగొప్పుల కుర్చీ కళ్ల ముందు లేచింది. నీడ పెట్టేవాడు, తీసేసేవాడు.

"వాడేమన్న లేసొచ్చి కొడ్తడా?" అని యమున వెనకనుంచి అడిగింది. "పో, దుర్గయ్య కాక హోటల్ల కూసోనన్న చూసి రాపో."

దుర్గయ్య హోటల్ కూరగాయల మార్కెట్ సందులో ఉంది. సిలిండర్ ఉన్నా, కట్టెల పొయ్యి మీద మరిగితేనే ఛాయ్ అనిపించుకుంటుందని ఆయన పట్టు. ఆ పొయ్యి చూసుకునేది లచ్చవ్వ. భూపాలపల్లి జిల్లా చిట్యాల దిక్కు నుంచి కూతురింటికని వచ్చి ఇక్కడే ఉండిపోయిన ముసలామె. తెల్లవారుజామున జితేందర్ మూల బల్ల మీద కూర్చున్నాడు. ఆ ఊళ్లో అన్నాళ్లుగా ఛాయ్ తాగుతున్నాడు గాని హోటల్ను చూడడం అదే మొదలు.

వెలుగు పొయ్యిలోంచే వస్తోంది. లచ్చవ్వ మొకం మీద పడి, గల్లాపెట్టె అంచు తాకి, బల్లల దగ్గరికొచ్చేసరికి అలసిపోతోంది. ఛాయ్ తాగేవాళ్లు వీపులుగా, భుజాలుగా, గ్లాసు పట్టుకున్న వేళ్లుగా ఉన్నారు. ఇక ఆవిరి. సున్నం గోడ ముందు అసలు కనబడలేదు. అదే గ్లాసు నల్లటి తలుపు ముందుకొచ్చేసరికి సన్నగా లేచి, అటూ ఇటూ ఊగి, ఎక్కడ పోయిందో తెలియకుండా పోయింది.

జితేందర్ దుకాణానికి వచ్చి పాత బొమ్మ మొత్తం చెరిపేశాడు. గుప్పెడు రంగులే పెట్టుకున్నాడు. పొయ్యి, ఆ ఎరుపులో లచ్చవ్వ, మిగతాదంతా నీలం కలిసిన చీకటి. ఛాయ్ గిన్నె వెనక తలుపు పెట్టి, దాని మీద బూడిద రంగు చుక్కలు నాలుగైదు పేర్చాడు. వాటినే కొంచెం కొంచెం జరిపి వేరే బొమ్మలు చేసి, ఒకదాని వెంట ఒకటి తిప్పాడు. ఆవిరి లేచింది. యమున దగ్గరికొచ్చి చూసి వంక పెట్టకుండా ఛాయ్ తెచ్చిచ్చింది. ఆమె వంక పెట్టకపోవడమంటే ఆ ఇంట్లో సన్మానమే.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సంబరం ఆపుకోలేక ఫోన్ పట్టుకుపోయి దుర్గయ్యకు చూపించాడు.

"ఏంరా, నా హోటల్ల కరంటు లేదా?" అన్నాడు దుర్గయ్య.

"ఉన్నది కాకా. గిది వాతావరణం."

"వాతావరణమా? నా గిరాకి పోతదిరా! మొన్ననే కొత్త ట్యూబులైటు పెట్టిచ్చిన, అదేది? మా బాపు ఫోటోకు సీరియల్ లైట్లేసిన, గవేవి?"

ఫోన్ చేతులు మారింది. చీకట్లో వేసిన వీపుల్లో ఎవడి వీపు వాడు గుర్తుపట్టాడు. "గీ గూని నాదే, మొకమేది?" అని ఒకడు. "మఫ్లర్ చూడుర్రి, నేనే!" అని ఇంకొకడు. మనిషి తన మొకం మరిచిపోతాడేమో గాని ఎదుటివాడి ఫోన్లో తన వీపును మరవడు. పొద్దుగూకేసరికి సంగతి శ్రావణన్న దాకా పోయింది.

శ్రావణన్న యువ నాయకుడు. వయసులో జితేందర్ కంటే చిన్నవాడే, అయినా నాయకుడైనవాణ్ని తండ్రి కూడా అన్నా అనాల్సిందే. జితేందర్ దుకాణం నడిచేది సగం ఆయన పుట్టినరోజుల మీదే. ఆయన రోజూ దుర్గయ్య హోటల్లో గల్లా పక్క బల్ల మీద, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. బొమ్మలో ఆ కాలు మీద కాలు ఉంది. పైన మొకం ఉండాల్సిన చోట నీలం చీకటి ఉంది.

"మొకం లేకుంట చేసినవేందే నన్ను?" అని ఫోన్లో అడిగాడు. "గా పొయ్యి ఊదే ముసల్దానికి లైటు కొట్టినవ్, నాకు కొట్టవా? వచ్చేది నా బర్త్‌డే. యాదికున్నదా? శనివారం ఆ గేమ్ పిల్ల వస్తదంట గద, నేను గూడ వస్త. అప్పటికి సక్కగ చెయ్."

జితేందర్ భయపడ్డాడు. గల్లా పైన ఒక్కటంటే ఒక్క ట్యూబులైటు పెట్టాడు. శ్రావణన్న మొకం తేలింది. దానితోపాటు దుర్గయ్య మొకం తేల్చక తప్పలేదు, దుర్గయ్య తేలాక ఆయన బాపు ఫోటో ఊరుకోలేదు. తలుపు కూడా తెల్లబడింది. చూస్తే ఆవిరి లేదు. చుక్కలు పెట్టినచోటే ఉన్నాయి, పెట్టినట్టే కదులుతున్నాయి, కంటికి మాత్రం ఆనడం లేదు. ట్యూబులైటు ఆర్పితే ఆవిరి వచ్చేది, వెలిగిస్తే పోయేది. శ్రావణన్న మొకమూ ఛాయ్ ఆవిరీ ఒకే హోటల్లో ఇమడవని అతనికి అర్థమైంది.

శనివారం సౌందర్య గుట్ట నుంచి వచ్చి, తల్లిని ఎదుటి బస్టాండులో కూర్చోబెట్టి, పులిహోర ప్రసాదంతో దుకాణంలో దిగింది. శ్రావణన్న తన పటాలంతో అప్పటికే వచ్చి కుర్చీలన్నీ ఆక్రమించాడు. జితేందర్ దగ్గర రెండు బొమ్మలున్నాయి. యమున ప్రసాదం ఆకులు పంచుతూ అతని దిక్కు ఒక్కసారి చూసింది. అతను చీకటి బొమ్మ తెరిచాడు.

సౌందర్య ముందుకు వంగింది. ఆవిరి లేచి, ఊగి, పోయింది. మళ్లీ లేచింది.

"నేను చెప్పింది చెయ్యలే," అన్నాడు శ్రావణన్న.

"వెలుగు పొయ్యి కాడికెల్లే వస్తున్నదన్నా," అన్నాడు జితేందర్. "మొకం కనవడాల్నంటె పొయ్యి కాడ కూసోవాలె."

"అయితే నన్ను గాడ కూసోవెట్టు. ముసల్దాన్ని లేపు."

"ఆమె లేస్తె పొయ్యి ఆరుతది. ఆమెకు బదులు నువ్వు కట్టెలు ఎగదోస్తనంటె చెప్పన్నా, గిప్పుడే గీస్త."

పటాలంలో ఎవడో కిసుక్కుమన్నాడు. వెంటనే దగ్గుగా మార్చుకున్నాడు. శ్రావణన్న పులిహోర ఆకు అలాగే బల్ల మీద పెట్టి లేచాడు. పుట్టినరోజు ఫ్లెక్సీ చౌరస్తాలోని ఇంకో దుకాణానికి పోయింది. అక్కడివాళ్లు భయభక్తులతో ఎంత తెల్లగా చేశారంటే, ఆయనకు ముక్కుందని కొత్తవాళ్లకు చెప్పాల్సి వచ్చింది.

"హోటళ్లన్ని మీరే ఎయ్యాలన్నా," అంది సౌందర్య. అంతలోనే, "మా హీరోయిన్ మొకం ఒక్కటి జర..." అని మొదలుపెట్టింది.

జితేందర్ ఆమె దిక్కు తిరిగాడు. ఆ పిల్ల నాలుక కరుచుకుని, "వద్దులే, ఉండనీ," అని నవ్వేసింది.

మర్నాడు పొద్దున్నే జితేందర్ ఛాతీ కాస్త ముందుకు పెట్టుకుని దుర్గయ్య హోటల్‌కు పోయాడు. దుర్గయ్య అతణ్ని చూసి మొకం తిప్పుకున్నాడు. జితేందర్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని లచ్చవ్వకు ఫోన్ చూపించాడు.

"గీ ఎర్ర మొకపామె ఎవ్వలు బిడ్డా?"

"నువ్వే అవ్వా. బొమ్మ మొత్తంల నీ మొకమొక్కటే కనవడ్తది."

"నేనా! గింత ఎర్రగున్ననా? అందరివి తెల్లగ చేస్తవంట గద. నాకేం రోగం? నన్ను గూడ తెల్లగ చెయ్."

"పొయ్యి ఎర్రగుంటది గదనవ్వా, అందుకని..."

"పొయ్యి ఎర్రగుంటె ఉండనీ. నా మొకం నాది."

అతను ఆమె మొకం కేసి చూశాడు. మంట ఎగసినప్పుడల్లా ముక్కుపుల్ల రాయి తళుక్కుమంటోంది. ఫోన్లోనే బొమ్మ పెద్దది చేసి, ఆమె ముక్కు మీద తెల్లటి చుక్క ఒకటి పెట్టాడు.

లచ్చవ్వ ఫోన్‌ను దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. "గింతేనా? చెవులకు కమ్మలున్నయి, గవ్విటికేవి చుక్కలు?"

"చెవి చీకట్ల ఉన్నదవ్వా."

"గంతే గదా," అని ఆమె ఒక కట్టె లోపలికి నెట్టి, చెవి మంట దిక్కు వచ్చేలా తల తిప్పి, కదలకుండా కూర్చుంది. "ఇగ పెట్టు."